యాభై ఎనిమిదో వరుస మధ్య సీటు

పొద్దున్న అయిదింటికల్లా మూడో నంబరు కౌంటర్ తెరిచి, కుర్చీ ఎత్తు సరిచేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని "రండి" అనడం సీట్లక్కకి ఇరవై రెండేళ్ళ అలవాటు. అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉంది గానీ, ఆ కార్డు ఎప్పుడు చూసినా వెనక్కి తిరిగే ఉంటుంది. అందుకని విమానాశ్రయంలో అందరికీ ఆవిడ సీట్లక్కే. పద్నాలుగు గంటల ప్రయాణంలో ఎవర్ని ఎక్కడ కూర్చోబెడితే సుఖంగా దిగుతారో మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి చెప్పేస్తుంది.

"మీకు మోకాళ్ళ నొప్పులున్నట్టున్నాయి, కిటికీ పక్కన వద్దండీ. పక్కవాళ్ళని లేపడానికి మొహమాటపడి నొప్పి దిగమింగుకుంటారు. నడవ పక్కన ఇస్తున్నా."

"చంటిపిల్లతో వెళ్తున్నావా అమ్మా? ముందు గోడ వరుసలో కూర్చో, ఉయ్యాల తగిలిస్తారు."

"రెక్క మీద ఇవ్వనా? అక్కడ కుదుపు తక్కువ."

చివర్లో అందరికీ ఒకటే పాఠం. బిగుతు మేజోళ్ళు వేసుకోండి, నీళ్ళు తాగుతూ ఉండండి, రెండు గంటలకోసారి లేచి నడవండి. వినేవాళ్ళు వింటారు. విననివాళ్ళు వాచిన కాళ్ళని చెప్పుల్లో దూర్చుకోలేక తిట్టుకుంటూ దిగుతారు.

ఈ పాఠం చెప్పని సీటు ఒక్కటే ఉంది. పెద్ద విమానంలో ఆఖరిది యాభై ఎనిమిదో వరుస, అందులో మధ్యది. వీపు వాలదు, కిటికీ అందదు, వెనకే బాత్రూం, తలుపు తీసినప్పుడల్లా వాసన. అయితే ఆ సీట్లో కూర్చున్నవాళ్ళు చచ్చిపోరు. బెల్టు పెట్టుకుని ఉన్నంతసేపూ, డాక్టర్లు చేతులెత్తేసిన మనిషికైనా ఊపిరి ఆడుతూనే ఉంటుంది. ఆకలి వేయదు, బాత్రూంకి వెళ్ళాల్సిన పని పడదు. నొప్పి మాత్రం ఎక్కడికీ పోదు. ఆసుపత్రుల వాళ్ళు చీటీ మీద "మధ్య సీటు" అని రాసి పంపుతారు. కంప్యూటర్లో అది ఎప్పుడూ రిపేరులో ఉన్నట్టే చూపిస్తుంది. డ్యూటీ దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి తాళాలతో పాటు "మధ్యది ఖాళీ" అనో "మధ్యదానికి మనిషున్నారు" అనో చెప్పి వెళ్తారు. చివరిచూపు కోసం దూరం వెళ్ళేవాళ్ళకి ఇన్నేళ్ళలో నలభై మందికి పైగా సీట్లక్క తన చేత్తో ఆ సీటు ఇచ్చింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడు ఆవిడకి కాస్త గర్వంగానే ఉండేది.

ఆ చీటీ తన సొంత అన్నయ్య జేబులోంచి వస్తుందని మాత్రం అనుకోలేదు.

అన్నయ్య దర్జీ. నలభై ఏళ్ళు మిషను ముందు వంగి కూర్చుని, బట్టల దుమ్మంతా ఊపిరితిత్తుల్లో నింపుకున్నాడు. ఇప్పుడు వారం అన్నారు, మహా అయితే పది రోజులు అన్నారు. ఆయనకున్నది ఒక్కగానొక్క కూతురు, ఉండేది విమానంలో పద్నాలుగు గంటల దూరంలో. తనకి చెప్పకుండా పెళ్ళి చేసుకుందని, భార్య చనిపోయినప్పుడు మూడు రోజుల దాకా ఆ పిల్లకి కబురు చెప్పలేదు. నాలుగో రోజు చెప్పాడు. తల్లి ముఖం చూడకుండా చేశాడని ఆ పిల్ల తొమ్మిదేళ్ళుగా తండ్రితో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే ఎత్తదు.

"తప్పయిపోయిందని చెప్పాలంటున్నాడే," అని సీట్లక్క మేనకోడలికి కబురు చేస్తే, ఆ పిల్ల "ఫోన్లో కాదు, ఎదురుగా వచ్చి చెప్పమను. విమానాశ్రయానికి వస్తాను. ఇంటికి మాత్రం తీసుకెళ్ళను," అంది.

జబ్బు సంగతి చెప్పనివ్వలేదు అన్నయ్య. "చచ్చేవాడి మీద జాలిపడి సరేనంటుంది. అది నాకొద్దు చెల్లాయ్. నిజంగా కోపం పోతేనే పోయినట్టు."

"నీ పంతం నీదే ఇంకా," అని విసుక్కుంది గానీ, నోరు మూసుకుంది.

ప్రయాణం నాడు తనే చక్రాల కుర్చీ తోసుకుంటూ విమానం తలుపు దాకా వెళ్ళింది. లోపల సన్నటి నడవలో ఇద్దరు కుర్రాళ్ళు ఆయన్ని ఎత్తుకుని తీసుకెళ్ళి మధ్య సీట్లో కూర్చోబెట్టారు. బెల్టు చప్పుడవగానే, రెండు నెలలుగా ఈల వేస్తున్న ఛాతీ నిమ్మళించింది. సీట్లక్క నడుం వెనక దిండు సర్దింది, మెడకి పట్టీ పెట్టింది, పాదాల కింద తన చేతిసంచి మడిచి పెట్టింది.

"అందరికీ లేచి నడవమని చెప్తావుగా, నాకు చెప్పవా?" అన్నాడు అన్నయ్య నవ్వుతూ.

"నువ్వు లేచావంటే కాళ్ళు విరగ్గొడతా. దిగేదాకా కదలకు."

ఆయన తల పక్కకి వంచి నడవ పొడవునా చూశాడు. బట్ట కొలిచేవాడి కళ్ళు కదా, దూరం లెక్క తెలుసు. "చెల్లాయ్, ఇక్కణ్ణుంచి అది నిలబడే చోటికి ఎన్ని అడుగులుంటాయి?"

సీట్లక్కకి తెలీదు. ఎన్నడూ ఎవరూ అడగలేదు, తనూ ఆలోచించలేదు. "అక్కడ చూసుకునేవాళ్ళుంటారులే," అనేసి వెనక్కి తిరిగింది.

తలుపు దగ్గర పెద్ద హోస్టెస్ నిలబడి ఉంది. ఆవిడా ఇరవై ఏళ్ళ నుంచి ఈ విమానాల్లోనే తిరుగుతోంది. సీట్లక్క ఊరికే అడిగినట్టు అడిగింది. "అక్కడ దిగాక మధ్య సీటు వాళ్ళు ఎందాకా వెళ్తారమ్మా?"

హోస్టెస్ ఆశ్చర్యంగా చూసింది. "మీకు తెలీదా? ఈ తలుపు దాకా చేరినవాళ్ళని నేను ఇద్దర్నే చూశాను. మిగతావాళ్ళు నలభయ్యో వరుస దాటలేదు. నడిచినా, మోసినా అంతే. బెల్టు తీసిన దగ్గర్నుంచీ ఆపిన గంటలన్నీ ఒక్కసారే వచ్చి మీద పడతాయి."

"మరి నాకు ఎవరూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు. కౌంటర్లో అందరికీ తెలుసనుకున్నాం."

వెనక తలుపు పడింది. సీట్లక్క గొట్టంలాంటి ఆ దారిలో గోడకి ఆనుకుని నిలబడిపోయింది. నలభై మంది. తీసుకెళ్తుంటే దణ్ణాలు పెట్టిన నలభై మంది. వాళ్ళ కోసం బయట పేర్లు రాసిన అట్టలు పట్టుకుని నిలబడినవాళ్ళు. తన పని బోర్డింగ్ కాగితం చేతికివ్వడంతో అయిపోయిందనుకుంది. ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

కానీ ఆవిడకి సీట్లు తప్ప మరో విద్య రాదు. కౌంటర్ దగ్గరికి వచ్చి అదే విద్యని పట్టుకుంది. అన్నయ్య బయటికి రాలేడు. సాగనంపేవాళ్ళనీ ఎదురొచ్చేవాళ్ళనీ లోపలికి రానివ్వరు. టికెట్ ఉన్నవాళ్ళని మాత్రం ఎవరూ ఆపరు. అదే విమానం అక్కడ మూడు గంటలాగి తిరిగొస్తుంది. అన్నయ్య లేవకుండా అలాగే కూర్చుంటే, పక్క సీటుకి టికెట్ ఉన్న మనిషి దర్జాగా ఎక్కి రావచ్చు. విమానంలోకి కబురు పంపించింది: "మధ్య సీటు ఆయన్ని లేవద్దనండి. తుడిచేవాళ్ళు చుట్టూ తుడుచుకోమనండి."

తర్వాత మేనకోడలికి ఫోన్ చేసి, అన్నయ్యకిచ్చిన మాట తప్పి అన్నీ చెప్పేసింది.



"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"రెండు నెలల నుంచి."

"అమ్మప్పుడు ఆయన దాచాడు. ఇప్పుడు నువ్వు దాచావు. మీ ఇంట్లో చావుల్ని దాచుకోవడం సరదానా అత్తా?"

"తిట్టు తల్లీ. తిడుతూనే పాస్‌పోర్టు తీసుకుని రా. నడవ పక్క సీటు నీ పేరు మీద పెట్టాను."

ఫోన్ కట్టయింది.

ఆ పగలంతా సీట్లక్క కిటికీ అడిగినవాళ్ళకి నడవ పక్కన, నడవ పక్కన అడిగినవాళ్ళకి రెక్క మీద ఇచ్చి అక్షింతలు వేయించుకుంది. మర్నాడు పొద్దున్న డ్యూటీకి రాగానే, సంచి భుజాన ఉండగానే తిరుగు విమానం జాబితా తీసింది. యాభై ఎనిమిది, నడవ పక్క: ఎక్కారు. ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి ఉంచి, వరుసలో జనం గొణుగుతున్నా పట్టించుకోకుండా ఏడ్చింది.

మధ్యాహ్నం మూడింటికి విమానం వచ్చింది. అందరూ దిగాక సీట్లక్క లోపలికి వెళ్ళింది. తలుపు నుంచి ఆఖరి వరుస దాకా ఒక్కొక్క అడుగే లెక్కపెట్టుకుంటూ నడిచింది. డెబ్భై నాలుగు.

అన్నయ్య కాళ్ళు మోకాళ్ళ దాకా వాచి నల్లబడ్డాయి. ముప్ఫై గంటలకు పైగా వాలని వీపుతో కూర్చున్నవాడి ముఖం కాగితంలా ఉంది. మేనకోడలు ఆయన చెయ్యి వదలకుండా పట్టుకుని ఉంది.

"పదకొండు గంటలు మాట్లాడలేదత్తా," అంది మేనకోడలు, ముక్కు తుడుచుకుంటూ. "తర్వాత నా కుర్తా చేతి అంచు కుట్టూడిందని చూశాడు. హోస్టెస్‌ని సూదీ దారం అడిగి కుట్టడం మొదలుపెట్టాడు. కుడుతూ కుడుతూ చెప్పాడు. అమ్మ పోయాక ఆ మూడు రోజులూ ఏం జరిగిందో అన్నీ చెప్పాడు."

"కోపం పోయిందా?" అన్నాడు అన్నయ్య. అప్పటికి ఎన్నిసార్లు అడిగి ఉంటాడో.

"సగం పోయింది నాన్నా. మిగతా సగానికి టైం పడుతుంది. నువ్వు ఇక్కడే కూర్చో. ప్రతి విమానానికీ నేను టికెట్ కొనుక్కుంటాను."

సరిగ్గా అప్పుడే సీట్లక్క చేతిలో వాకీటాకీ గరగరలాడింది. "అక్కా, కౌంటర్ దగ్గర చీటీతో ఒకావిడ ఉంది. సాయంత్రం విమానానికి. మధ్యది ఖాళీయేనా?"

సీట్లక్క వేలు మీట మీద అలాగే ఉండిపోయింది. అబద్ధం చెప్తే ఎవరికీ తెలీదు, ఆ అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"ఖాళీ అని చెప్పు చెల్లాయ్," అన్నాడు అన్నయ్య. "నాకు నడుం విరిగిపోతోంది. సగం చాలు, అది నేను అనుకున్నదానికంటే ఎక్కువే."

"నాన్నా, వద్దు."

"చెయ్యి పట్టుకో. నేనేమీ పరిగెత్తనులే."

ఆయనే బెల్టు తీశాడు. ఛాతీ మళ్ళీ ఈల వేయడం మొదలుపెట్టింది. కూతురు ఒకపక్క, చెల్లెలు ఒకపక్క పట్టుకుంటే అడ్డంగా అడుగులు వేస్తూ బయల్దేరాడు. యాభై అయిదో వరుస దగ్గర ఆగి, కూతురి చేతి అంచు వేలితో తడిమి, "గట్టిగానే ఉంది," అన్నాడు. యాభై రెండో వరుస దగ్గర మోకాళ్ళు మడతపడ్డాయి. అక్కడే కిటికీ పక్క సీట్లో పడుకోబెట్టారు. కూతురు ముఖం ముఖానికి ఆనించి ఏదో చెప్తూనే ఉంది. ఆయన విన్నంతసేపు విన్నాడు.

సాయంత్రం అయిదింటికి సీట్లక్క మూడో నంబరు కౌంటర్లో కూర్చుంది. ఇంటికి వెళ్ళమని అందరూ చెప్పారు గానీ వెళ్ళలేదు. ఎదురుగా చక్రాల కుర్చీలో ఎముకల గూడులాంటి ఆవిడ చీటీ చాచింది. సీట్లక్క చీటీ చదివి, కళ్ళజోడు తుడుచుకుని, ఇరవై రెండేళ్ళలో ఎవర్నీ అడగని మాట అడిగింది.

"ఎవర్ని చూడ్డానికి వెళ్తున్నారండీ?"

"మా అక్కని. అక్కడ బయట నిలబడతానంది."

"ఆవిడకి పాస్‌పోర్టు ఉందా?" అంటూ సీట్లక్క కంప్యూటర్లో తిరుగు విమానం పక్క సీటు తెరిచింది.