గోరంత సందు

తిప్పయ్య మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కు కుడిపక్కనున్న గ్రిప్ చివరి రబ్బరును బ్లేడుతో గుండ్రంగా కోస్తున్నాడు. బ్లేడు ఒకే చుట్టులో రావాలి. మధ్యలో ఆగితే అంచు చిరుగుతుంది. చిరిగిన అంచు ఎప్పుడో ఒకనాడు లోపలికి మడతపడుతుంది. అతను ఊపిరి బిగబట్టి కోశాడు. రూపాయి బిళ్లంత రబ్బరు ముక్క ఊడి ఒళ్లో పడింది. దాన్ని వెలుతురుకు పట్టి అంచు చూసుకుని, అప్పుడు ఊపిరి వదిలాడు.

గార్లదిన్నె దాటాక హైవే పక్కన ఉంటుంది అతని రేకుల షెడ్డు. పొద్దున తొమ్మిది కాకముందే పైన రేకులు వేడెక్కి టిక్కుటిక్కుమంటున్నాయి. ఎదురుగా శనక్కాయ చేను వాన కోసం చూసి చూసి ఆకు ముడుచుకుంది. లారీ పోయినప్పుడల్లా ఎర్రదుమ్ము లేచి వచ్చి పానాల మీద, బోల్టుల డబ్బాల మీద పడుతుంది. తిప్పయ్య ఆ దుమ్మును గుడ్డతో తుడిచి మళ్లీ పనిలో పడతాడు. అరవై రెండేళ్లొచ్చాయి. పొట్టి మనిషి. నలభై ఏళ్లు నేలమీద గొంతుక్కూర్చుని పనిచేసినందువల్ల లేచి నిలబడినా మోకాళ్లు పూర్తిగా చాపుకోవు. కుడిచేతి చూపుడువేలికి గోరు సగమే ఉంది. వేళ్ల గీతల్లో ఇంకిన నలుపు పండగనాడు తలంటుకున్నా పోదు.

బండి ఈశ్వరప్పది. ఆయన గోడవారగా తిరగేసిన ఆయిల్ డ్రమ్ము మీద కూర్చుని కుడి ముంజేతిని ఎడమచేత్తో పిసుక్కుంటున్నాడు. విడపనకల్లు దాపున గాలిమరల దగ్గర కాపలా పని ఆయనది. రెండు రోజులకొకసారి పోను రాను నూటముప్పై కిలోమీటర్లు. ఇరవై కిలోమీటర్లు పోయేసరికి హ్యాండిల్ అదురుకు కుడిచేతి వేళ్లు మొద్దుబారతాయి. అది పంతొమ్మిదేళ్ల కిందట మోచెయ్యి దగ్గర విరిగి అతికిన చెయ్యి. నరం దెబ్బతినింది, అదురు తగలనియ్యొద్దు, చేతికి అప్పుడప్పుడు విశ్రాంతి ఇవ్వమని డాక్టరు చెప్పాడు. కాపలా పని మానితే ఈ వయసులో మరో పని దొరకదు. అందుకని ఆయన అనంతపురంలో స్పేర్ పార్టుల అంగడిలో చెప్పి, హ్యాండిల్ రెండు చివర్లా బిగించే ఇనుప బరువులూ, యాక్సిలరేటర్ తిప్పిన చోటే పట్టి ఉంచే లాకూ తెప్పించుకున్నాడు. బరువులు అదురును తగ్గిస్తాయి. ఖాళీ రోడ్డు మీద లాకు వేసుకుంటే బండి అదే వేగంతో పోతుంది, చెయ్యి తీసి విదిలించుకోవచ్చు.

తిప్పయ్య పది రోజులు వద్దన్నాడు. బరువులు బిగిస్తాను, లాకు మాత్రం వద్దన్నాడు. చివరికి ఈశ్వరప్ప విసుక్కుని, నువ్వు బిగించకపోతే అనంతపురంలో ఎవడో ఒకడు బిగిస్తాడని లేచాడు. ఆ ఎవడో ఒకడి చేతులు తలుచుకుని తిప్పయ్య ఒప్పుకున్నాడు.

చూడటానికి చిన్న పనే. గ్రిప్‌కూ బరువుకూ మధ్య ఒక ఇత్తడి ఉంగరం కూర్చుంటుంది. దాన్ని బొటనవేలితో తిప్పితే అది గ్రిప్ అంచును నొక్కి పడుతుంది, వెనక్కి తిప్పితే వదిలేస్తుంది. వదిలినప్పుడు ఉంగరానికీ గ్రిప్‌కూ మధ్య గోరంత సందు ఉండాలి. సందు ఎక్కువైతే లాకు పట్టదు. తక్కువైతే లాకు వేయకపోయినా గ్రిప్ ఒరుసుకుని వెనక్కి రాదు.

మొదట పలచని వాషర్ వేసి బరువు బిగించాడు. ఇంజన్ స్టార్ట్ చేసి, గ్రిప్ తిప్పి వదిలాడు. ఇంజన్ మోత పెరిగింది, తగ్గింది. తగ్గడంలో ఏదో తేడా ఉంది. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, చెవి దగ్గరికి పెట్టి మళ్లీ తిప్పి వదిలాడు. గ్రిప్ వస్తోంది గాని టక్కున రావడం లేదు, బద్ధకంగా వస్తోంది. ఇంజన్ ఆపేసి మొత్తం విప్పాడు.

"బాగనే వచ్చె గదన్నా," అన్నాడు ఈశ్వరప్ప.

తిప్పయ్య డబ్బాలో ఇంకో వాషర్ వెతికాడు. చెమట బొట్టు ముక్కు కొన మీదినుంచి బోల్టు మీద పడితే దాన్నీ తుడిచాడు.

అతని దగ్గరికి ఏ బండి వచ్చినా, పంక్చరుకు వచ్చిందైనా సరే, తిరిగి ఇచ్చేముందు యాక్సిలరేటర్ మూడుసార్లు తిప్పి వదిలి చెవిపెట్టి వింటాడు. తిప్పయ్య తిప్పకుండా వదలడని చుట్టుపక్కల ఊళ్లలో నవ్వుకుంటారు. ఆ అలవాటు ఎప్పటినుంచని ఎవరూ అడగలేదు. ఇంట్లో భార్య చిన్నక్కకూ తెలియదు.

పంతొమ్మిదేళ్ల కిందట ఒక శనివారం ఈశ్వరప్ప యాక్సిలరేటర్ వైరు తెగి బండి తోసుకుంటూ వచ్చాడు. వెనక పెండ్లాం మల్లీశ్వరి నడిచొచ్చింది. ఆమె తమ్ముడి బిడ్డకు పేరు పెడుతున్నారు, పొద్దుగూకేలోగా పోవాలన్నారు. కొత్త వైరు లేదు. అనంతపురం పోయి తేవాలంటే సగం రోజు. తిప్పయ్య ఇంకో బండిలోంచి తీసిపెట్టిన పాత వైరుకు నూనె పోసి వేశాడు. వైరులో ఒక పోగు లేచి ఉండటం చూశాడు కూడా. సోమవారం కొత్తది వేద్దామనుకున్నాడు. వాళ్లతో ఏమీ అనలేదు.

అర మైలు పోయాక, మలుపులో గడ్డి ట్రాక్టరు అడ్డం తిరిగింది. బండి నెమ్మదించలేదు. ఈశ్వరప్ప మోచెయ్యి విరిగింది. మల్లీశ్వరి తుంటి విరిగింది. భయంతో యాక్సిలరేటర్ మీద తన చెయ్యే బిగుసుకుపోయిందని ఈశ్వరప్ప ఆస్పత్రిలో అందరితో చెప్పాడు. నలిగిపోయిన బండి తిప్పయ్య షెడ్డుకే వచ్చింది. వైరు ఊడదీస్తే లేచిన పోగు గొట్టం లోపల ముద్దగా చుట్టుకుని ఇరుక్కుని ఉంది. తిప్పయ్య దాన్ని మూడు ముక్కలు చేసి పాత ఇనుము మూటలో కలిపేశాడు.

ఆ తర్వాత మల్లీశ్వరి మొగుడి వెనక బండెక్కలేదు. ఎక్కమని ఆయనా అడగలేదు. ఏ పెండ్లికి పోయినా ఆమె ఆటోలో, ఆయన బండి మీద. ఈశ్వరప్ప మాత్రం తిప్పయ్యను వదల్లేదు. బండ్లు మారాయి, మెకానిక్ మారలేదు. పని లేకపోయినా వచ్చి ఆ డ్రమ్ము మీద గంటసేపు కూర్చుని పోయేవాడు. తిప్పయ్యకు స్నేహితుడంటూ ఉంటే ఆయన ఒక్కడే.

రెండో వాషర్ వేసి, దాని వెనక ఇంకొకటి గరుకు కాగితం మీద సగం అరగదీసి వేశాడు. బరువు బిగించాడు. గ్రిప్ తిప్పి వదిలితే టక్కున వచ్చింది. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పి వదిలాడు, కుడికి తిప్పి వదిలాడు. లాకు వేశాడు, ఇంజన్ ఒకే మోత మీద నిలబడింది. తీశాడు, మోత పడిపోయింది. మళ్లీ. మళ్లీ. ఎన్నిసార్లో లెక్క తప్పింది.  ఇంతకాలం గ్రిప్ వెనక్కి వచ్చిందా లేదా అని విన్న మనిషి, ఈ రోజు అది రాకుండా నిలబడే సామాను తన చేత్తోనే బిగించాడు.

ఇంజన్ ఆపి, ఈశ్వరప్పను బండెక్కి కూర్చోమన్నాడు. లాకు ఎలా వేయాలో, ఎలా తీయాలో ఆయన చేత పదిసార్లు చేయించాడు. తర్వాత అడిగాడు.

"రోడ్డు మీద పోతాండావు. లాకు తీసినా ఇది వెనక్కి రాలేదనుకో. ఏం చేస్తావు?"

"చెయ్యి ఇడుస్తా."

"ఇడిసినా రాలేదు."

ఈశ్వరప్ప నవ్వాడు. "నీ పని మీద నాకు అనుమానం లేదన్నా. ఉండేదంతా ఈ చెయ్యి మీదనే. ఆ పొద్దు మాదిరి మళ్లా బిగుసుకపోతే, ఎడమ చేత్తో పట్టి పీకి పారేస్తా." అని, ఎడమచెయ్యి క్లచ్ మీదినుంచి తీసి కుడి మణికట్టు పట్టుకుని లాగి చూపించాడు.

తిప్పయ్య ఆ ఎడమచేతిని చూశాడు. నొక్కాల్సిన క్లచ్ వదిలేసింది. ఇంజన్ ఆపే ఎర్ర స్విచ్చి కుడి బొటనవేలికి అందేంత దూరంలో ఉన్నా ఆయన దానివైపు చూడనైనా లేదు. అరవై మీద బండి పోతుంటే ఈ మనిషి తన చెయ్యిని తాను పీక్కుంటూ ఉంటాడు. ఎదురుగా ఏది వచ్చినా.

చేతిలో పానా నేలమీద పెట్టాడు. 

"ఆ పొద్దు బిగుసుకపోయింది నీ చెయ్యి కాదు ఈశ్వరప్పా. నేనేసిన వైరు."

చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. పాత వైరు, లేచిన పోగు, సోమవారం, మూడు ముక్కలు. ఇన్నేళ్లు మోసింది నాలుగు మాటల్లో అయిపోయింది. చెబుతున్నంతసేపూ బండి ముందు చక్రం వైపే చూశాడు. ముగించాక తల ఎత్తితే ఈశ్వరప్ప తన కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

కొడతాడనుకున్నాడు తిప్పయ్య. కొట్టినా బాగుండేదనుకున్నాడు. ఈశ్వరప్ప బండి దిగి, షెడ్డు బయట ఎండలోకి పోయి, ఫోను తీశాడు. ఉన్నపళంగా ఆటో ఎక్కి తిప్పయ్య షెడ్డుకు రమ్మని పెండ్లాంతో చెప్పాడు. ఎందుకని ఆమె అడిగినట్టుంది, వచ్చినాక తెలుస్తుందన్నాడు. తర్వాత లోపలికి చూడకుండానే అన్నాడు.

"ఆమెకు నువ్వే చెప్పు."

ఆటో రావడానికి ముప్పావుగంట పట్టింది. ఎడమపక్క బరువు ఇంకా బిగించలేదు గనక తిప్పయ్య ఆ పని మొదలుపెట్టాడు. బోల్టు చేతిలోంచి రెండుసార్లు జారింది. రెండోసారి జారింది బండి కిందికి దొర్లిపోతే పొట్ట నేలకు ఆనించి వెతికి తీశాడు. ఒక కుర్రాడు చైను బిగించమని వస్తే సాయంత్రం రమ్మని పంపేశాడు. రోడ్డు మీద ఆటో శబ్దం వినబడినప్పుడల్లా అతని చేతులు ఆగిపోయేవి. ఈశ్వరప్ప ఎండలోంచి నీడలోకి రాలేదు.

మల్లీశ్వరి దిగింది. యాభై దాటిన బక్కపలచని మనిషి. ఒక వెదురుకర్ర ముందు పెట్టి, దాని మీద బరువు వేసి, ఎడమకాలు ఈడ్చి పెడుతూ వచ్చింది. మొగుడికి ఏమైనా అయిందేమోనన్న భయంతో వచ్చినట్టుంది. ఆయన నిలబడి ఉండటం చూసి ముందు ఊపిరి పీల్చుకుంది, ఆ తర్వాత ఇద్దరి మొహాలూ చూసింది. తిప్పయ్య స్టూలు జరిపితే కూర్చోలేదు. కర్ర స్తంభానికి ఆనించి, స్తంభం పట్టుకుని నిలబడి విన్నది.

రెండోసారి చెప్పడం మొదటిదానికన్నా కష్టమైంది. ఆమె మధ్యలో ఆపలేదు. అయిపోయాక రెండు ప్రశ్నలు వేసింది.

"పాతదని తెల్సే ఏసినావా?"

"తెల్సే ఏసినా."

"ఈయప్ప నా చెయ్యి, నా చెయ్యి అని ఈడ కూచోని చెప్పుకుంటాంటే ఇనుకుంటా ఉన్న్యావా?"

"ఉన్న్యాను."

ఆమె గొంతు పెరగలేదు. "కోపమొచ్చినప్పుడల్లా నేను ఈయప్ప చెయ్యినే తిట్టినా. అన్నం తింటాంటే గూడా తిట్టినా. ఆ తిట్లన్నీ ఇప్పుడు యాడ పెట్టుకోవల్ల నేను?"

తిప్పయ్య దగ్గర ఉన్నదొకటే మాట, అది చెప్పాడు. తప్పు చేసినానమ్మా అన్నాడు. 

ఈశ్వరప్ప లోపలికి వచ్చి బండెక్కాడు. వైరు ఇరుక్కుంటే ఏం చేయాలో చెప్పమన్నాడు. తిప్పయ్య దగ్గరికి పోయి చూపించాడు. ముందు క్లచ్ నొక్కాలి. అదే ఊపులో ఎర్ర స్విచ్చి. చెయ్యి జోలికి పోవద్దు. ఈశ్వరప్ప అలాగే చేశాడు, క్లచ్, స్విచ్చి, క్లచ్, స్విచ్చి. ఆ తర్వాత స్టార్ట్ చేసి ఒక్కడే రోడ్డెక్కాడు.

షెడ్డులో మిగిలిన ఇద్దరూ రోడ్డువైపే చెవులు పెట్టారు. బండి మోత పెరిగి, ఒకే స్థాయిలో నిలబడి, అలాగే దూరమైంది. లాకు వేశాడు. మలుపు దగ్గర పడుతోంది. తిప్పయ్య రెండు చేతులూ గుడ్డలో నలుపుతున్నాడు. మల్లీశ్వరి పెదవులు కదులుతున్నాయి. మోత టక్కున పడిపోయింది. బండి తిరిగి వస్తున్న చప్పుడు వినబడేదాకా ఇద్దరూ కదల్లేదు.

ఈశ్వరప్ప ఇంజన్ ఆపకుండానే షెడ్డు ముందు నిలిపాడు. పని బాగుందన్నాడు. ఆటో వస్తుందేమో చూస్తానని పెండ్లాంతో అన్నాడు. ఆమె రోడ్డు చూడలేదు. స్తంభం వదిలి, రెండడుగులు ఏ ఆసరా లేకుండా కుంటుతూ వేసి, మొగుడి కుడి భుజం పట్టుకుంది. ఆయన కాళ్లు రెండూ నేలకు బిగబట్టి బండి నిలిపాడు. తుంటి సహకరించక మొదటిసారి ఎక్కలేకపోయింది. తిప్పయ్య ఒకడుగు ముందుకు వేసి, ఆమె చూపు చూసి ఆగిపోయాడు. రెండోసారి ఎక్కి కూర్చుంది. ఒక చెయ్యి ఆయన భుజం మీద, ఇంకోటి వెనక కమ్మీ మీద.

"ఇంగ ఈ బండి ఈడికి తేనన్నా," అన్నాడు ఈశ్వరప్ప.

తిప్పయ్య తల ఊపాడు. అన్నా అన్న మాట మాత్రం ఇంకా పోలేదనుకున్నాడు.

బండి నెమ్మదిగా రోడ్డెక్కింది. ఆమె మొదట బిర్రుగా కూర్చుని ఉంది. కొంతదూరం పోయాక నడుము కాస్త సడలింది. లారీ ఒకటి అడ్డం వచ్చి దాటిపోయేసరికి ఇద్దరూ కనబడలేదు.

తిప్పయ్య వెనక్కి తిరిగాక చూశాడు దాన్ని. ఆమె తన రెండు చేతులూ మొగుడికీ బండికీ ఇచ్చేసింది. చెయ్యి పట్టే చోట నునుపుదేరి నల్లబడిన వెదురుకర్ర, స్తంభానికి ఆనించింది ఆనించినట్టే నిలబడి ఉంది.