అన్నయ్య ఆగే చోటు

ఆఫీసులో తమ్ముడి పని ఒక్కటే. ఒకసారి రాసిన ప్రోగ్రాం మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీదా తేడా లేకుండా నడిచేలా చూడటం. ఆ మూడూ ఉప్పూ నిప్పూ. ఒకదానికి నచ్చింది ఇంకొకదానికి గిట్టదు. నా మిషన్ మీద నడిచింది కదా అని ఎవరైనా చేతులు దులుపుకుంటే వాళ్ళని ఉతికి ఆరేసేవాడు. చాటుగా అందరూ అతన్ని ‘చాదస్తం’ అనేవాళ్ళు.

అంతటి చాదస్తుడూ సొంత అన్నకి ప్రోగ్రాం రాసేటప్పుడు మాత్రం నీతులన్నీ గట్టున పెట్టేశాడు. ఇంట్లోదే కదా, ఎవరడుగుతారు?

అన్నయ్యది రేడియోలు బాగుచేసే కొట్టు. గొంతుకి ఆపరేషన్ చేస్తే మాట పోతుందని డాక్టరు తేల్చి చెప్పాక, తమ్ముడు ఆయన్ని మైకు ముందు కూర్చోబెట్టి మాటలన్నీ విడివిడిగా రికార్డు చేశాడు. మీట నొక్కితే కంప్యూటర్ వాటిని కూర్చి పలుకుతుంది. ఆపరేషన్‌కి ముందే మొదటిసారి విని అన్నయ్య మొహం చిట్లించాడు. తను ఇంత గబగబా ఎప్పుడు మాట్లాడాడని అడిగాడు. నిజమే, ఆయన మాటకీ మాటకీ మధ్య తీరిగ్గా ఆగే మనిషి.

ఆగాలంటే ప్రోగ్రాం కంప్యూటర్‌లోని గడియారాన్ని అడగాలి. అలా అడగడం ఒక్కో సిస్టమ్‌లో ఒక్కో తీరు. తమ్ముడు బద్ధకించాడు. ఫలానా అంకెదాకా ఊరికే లెక్కపెట్టి, తర్వాతి మాట పలకమని మిషన్‌కి చెప్పాడు. అన్నయ్య కళ్ళు మూసుకుని విని, ఇంకొంచెం ఆగనీ, ఊఁ, చాలు అంటూ ఒక్కో చోటూ కుదిర్చాడు. ఆ కంప్యూటర్ కూడా పాత సామాను కొట్లలో ముక్కలు ఏరి తెచ్చి ఆయన బిగించుకున్నదే. అలాంటిది ఇంకెక్కడా లేదు.

ఆ గొంతుతోనే అన్నయ్య మిగిలిన కాలం గడిపాడు. ఆయన పోయాక కూడా వదిన వంట ముగించి వచ్చి రోజూ ఒక మీట నొక్కేది. “ఏమోయ్... భయం దేనికి... నేనున్నాగా” అనేది కంప్యూటర్. అది విన్నాకే కంచం ముందు కూర్చునేది.

ఒకనాడు ఆ కంప్యూటర్ కాలిపోయింది. గొంతూ ప్రోగ్రామూ ఉన్న డిస్కు దక్కింది. వదిన కంగారు పడుతుంటే తమ్ముడు నవ్వి, ఇది నా రోజువారీ పనేనని ధైర్యం చెప్పాడు. కొత్త మిషన్ తెచ్చాడు, దాని సిస్టమ్ వేరు. ఫైళ్ళ దారులు సరిచేశాడు, ధ్వని సరిచేశాడు. మీట నొక్కాడు.

ఏమోయ్‌భయందేనికినేనున్నాగా.

పాత మిషన్ ఆయాసపడుతూ లెక్కపెట్టినదాన్ని కొత్తది రెప్పపాటులో మింగేసింది. అంకెలు అలాగే ఉన్నాయి. వాటికి ఎంతసేపు పట్టేదో చెప్పగలిగిన మిషన్ బూడిదైంది, చెప్పగలిగిన మనిషీ బూడిదయ్యాడు.

“ఈయన మీ అన్నయ్య కాదు” అంది వదిన.

చేసిన నిర్వాకం అతను దాచకుండా చెప్పాడు. ఆవిడ కంచం మీద మూత పెట్టింది. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. చివరికి, ‘ఏమోయ్’ అన్నాక తర్వాతి మాట రావలసినప్పుడు బల్ల మీద తట్టమన్నాడు. ఈసారి గడియారంతోనే కొలుస్తానన్నాడు.

వదిన తట్టింది. సరిచూద్దామని మళ్ళీ తట్టమన్నాడు. ఈసారి ఇంకాస్త ఆలస్యంగా తట్టింది. ఆ తర్వాత మరీ ఆలస్యంగా. తెర మీద అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. అవి చూసి ఆవిడకి అర్థమైపోయింది.

“నేనే సాగదీస్తున్నాను కదూ” అంది. “అన్నేళ్ళు కాపురం చేశాను. ఆయన ఎంతసేపు ఆగేవాడో నాకే గుర్తులేదు.”

అతనికి ఏడుపు ఆగలేదు. ఏదో ఒక అంకె పెట్టనా వదినా, అన్నాడు.

“వద్దు. ‘ఏమోయ్’ ఒక్కటి ఉంచు. మిగతాది తీసెయ్.”

“మరి తర్వాత?”

“తర్వాత నేను ఎదురుచూస్తాను.”

అతను మిగతా మాటలు తీసేశాడు, వాటి మధ్య లెక్కలూ తీసేశాడు. ఇప్పుడా ప్రోగ్రాం ఏ మిషన్ మీదైనా ఒకేలా నడుస్తుంది.