గంట తూకం

చీలమండ మీది పుండుపై ఆయా మొద్దుబార్చే మందు దట్టంగా పరిచి, ప్లాస్టిక్ కాగితం అతికించి, దాని అంచున పెన్నుతో టైము రాసింది: 9.10.

"కదలకు తమ్ముడూ. పదీ పది దాకా ఆగాలి."

మంచం మీద దర్జీ. మిషను తొక్కే కాలు. నాలుగు నెలలుగా మానని పుండు; కుళ్ళు గీకితే గాని మానదు. పోయిన వారం ఆయాను దూదికి పంపి, ఆమె తిరిగొచ్చేలోగా, మందు ఇంకకముందే డాక్టరు గీకేశాడు. దర్జీ నొప్పికి దిండు కరిచాడు. ఇవాళా అంతే అయితే మళ్ళీ రానని, కాలు పోతే పోనీ అని భార్యతో చెప్పి వచ్చాడు.

ఆ కట్ల గదిలో ఆమె ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయా. అందరినీ "మొద్దుబారిందా?" అని అడిగీ అడిగీ మొద్దమ్మ అయింది. మందునీళ్ళకు వేళ్ళు పగిలాయి, గోళ్ళు పసుపెక్కాయి. మందు సంగతి ఆమెకు ఒక్క ముక్కలో తెలుసు. నొప్పి తలకు పంపే కబురును అది నరం దగ్గరే ఆపేస్తుంది. నరం దాకా ఇంకడానికి గంట కావాలి. గంట సరుకుకు ఇరవై నిమిషాలు తూచి ఇస్తే అది దొంగతూకం.

తొమ్మిదిన్నరకు కొత్త డాక్టరు కత్తి పట్టుకుని వచ్చాడు.

"ఇరవై నిమిషాలే అయింది సార్."

"బయట పదిమంది ఉన్నారు. కాస్త ఓర్చుకుంటాడులే."

"ఓర్చుకునేది మీ కాలైతే అప్పుడనండి."

"నాకు వైద్యం నేర్పుతావా మొద్దమ్మా?"

"వైద్యం కాదు సార్. గడియారం చూడ్డం."

స్టూలు లాక్కుని కూర్చుని, ఆ ప్లాస్టిక్ మీద రెండు అరచేతులూ అడ్డం పెట్టింది.

"రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు."

"అది రేపు కదా. పదీ పది ఇవాళే."

డాక్టరు విసురుగా బయటికి నడిచాడు. ఆమె లేవలేదు. పదీ పదికి కాగితం ఒలిచి, మందు తుడిచి, సూది తీసింది.

"నొప్పెడితే చెప్పు."

"ముందు గుచ్చక్కా, చెప్తాను."

"గుచ్చి చాలాసేపయింది."

డాక్టరు వచ్చి గీకుతున్నంతసేపూ దర్జీ అతని కోటునే చూశాడు. "భుజం దగ్గర కుట్టు తిరగేసి వేశారు సార్, ఎవరో గాని" అన్నాడు.

ఆమె చేతులు కడుక్కుంది. డాక్టర్లు గంట ఆగనివ్వడం లేదని మేడమీది ఆఫీసుకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. వాళ్ళకూ ఆ మందే ఎవరో రాసినట్టుంది, ఒక్క కబురూ అందలేదు. రేపటి దాకా ఆగకుండా, ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రి మెట్లు దిగిపోయింది.

పదకొండింటికి అదే మంచం మీద ఒక ముసలమ్మ. పక్క వార్డు నుంచి వచ్చిన ఆయా మందు రాసి, "ఎంతసేపు ఆగాలి సార్?" అంది.

"అయిపోయింది. కాలు చాపమ్మా."

కిటికీలో మొద్దమ్మ అన్నం క్యారేజీ ఉంది. మూత తియ్యలేదు, ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది.