శిక్ష నాకు పడింది

నేను ఒక ఇత్తడి గడియను. కొలిమిలో కరిగి, అచ్చులో గట్టిపడి, మొదట యూనివర్సిటీ అమ్మాయిల హాస్టల్లో స్నానాల గది తలుపెక్కాను. అక్కడ నా బతుకు బంగారం. పిల్లలు తమ చేత్తో నన్ను వేసుకుని, గొంతెత్తి పాడుకుంటూ నీళ్ళు పోసుకునేవారు. నన్ను అంత నమ్మేవారు.

ఆ తలుపు చెదపట్టాక వడ్రంగి నన్ను ఊడదీసి, ప్రొఫెసర్ సోమేశ్వరం గారి గదికి లోపలివైపు బిగించాడు. బయట చెప్పులు విప్పందే ఆ గదిలో ఏ విద్యార్థీ అడుగుపెట్టకూడదు. గురువు గది గుడితో సమానమట!

స్వరూప ఆయన దగ్గర పరిశోధన చేసే పిల్ల. థీసిస్ పూర్తయింది, గైడుగా ఆయన సంతకమే మిగిలింది. ఆ మధ్యాహ్నం దానికోసం వస్తే, ఆయన లేచి నన్ను వేశాడు. ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు.

"వదలండి సార్!"

విదిలించుకుని, వేళ్ళతో నన్ను లాగింది. నేను టక్కున జారాను. వట్టి కాళ్ళతో పరుగెత్తింది, పిచ్చితల్లి.

ఫిర్యాదు విన్న కమిటీ గది చూడటానికి వచ్చి, ఆమెను నా ఎదుటే నిలబెట్టింది.

"అంత భయపడినదానివి మర్నాడు మళ్ళీ ఇక్కడికెందుకొచ్చావమ్మా?" అంది కమిటీ పెద్దావిడ.

"చెప్పుల కోసం మేడం. నాకున్నది ఆ ఒక్క జతే."

ఎవరో నవ్వారు. "ఈయన్ని కాదంటే నిన్నింకే గైడూ తీసుకోడు. ఆలోచించుకో తల్లీ" అన్నారు ఇంకెవరో. నాకు నోరు లేనందుకు ఆ రోజు ఏడ్చినంత పని చేశాను.

చివరికి తీర్పు వచ్చింది. లోపల గడియ ఉండటం వల్లే ఇలాంటి అపార్థాలు పుడుతున్నాయని తేల్చి, నన్ను పీకించారు. పాము చావలేదు, కర్ర విరగలేదు. స్వరూప మాత్రం సంతకం లేని థీసిస్‌ను పెట్టెలో పెట్టుకుని, ఆ చెప్పులతోనే ఊరెళ్ళిపోయింది.

"ఇదేం పాపం చేసిందయ్యా?" అని గొణుక్కుంటూ వడ్రంగి నన్ను వరండా చివర విరిగిన బల్లల మధ్య పడేశాడు. ఇక్కడినుంచి ఆ గుమ్మం కనిపిస్తుంది. ఇవాళ దాని ముందు ఎవరో కొత్త అమ్మాయి చెప్పులున్నాయి. తలుపు మూసుకుంది. లోపల బరువైన కుర్చీని తలుపుకు అడ్డంగా ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

నేనే ఉంటే ఆ పిల్ల వేళ్ళకైనా అందేదాన్ని.