దేవరాజులు పలకరింపులు

దేవరాజులుకు పలకరింపులంటే గిట్టవు. మదనపల్లె టమాటా మార్కెట్లో మండీ నడిపే మనిషి, సొంత వియ్యంకుడు ఎదురొచ్చినా తల ఊపి సాగిపోయే రకం. అలాంటివాడు రెండువేల మూడు వేసవిలో దారిన కనబడిన ప్రతివాడి దగ్గరా ఆగి యోగక్షేమాలు అడగడం మొదలుపెట్టాడు.

"గుండెజబ్బు వచ్చినాంక మీ ఆయప్పకు మనిషి ఇలువ తెలిసొచ్చినాదమ్మా," అని వీధిలోవాళ్లు ఆయన భార్య కౌసల్యతో నవ్వారు. ఆమె కూడా మురిసిపోయింది, పిచ్చిది.

గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని రక్తం సరిగా పారడం లేదని, మాత్రలు ఎప్పటికీ ఆపకూడదని డాక్టరు గట్టిగానే చెప్పాడు. కొన్నాళ్లకు రక్తపరీక్షలో కొవ్వు తగ్గిందని తేలింది. అంతే, దేవరాజులు మాత్రలు మానేశాడు.

"జొరం తగ్గినాంక జొరం మాత్ర యాల మింగేది?" అన్నాడు.

ఏరు దాటకముందే తెప్ప తగలేసే మొండితనం. కౌసల్య బతిమాలింది, అలిగింది. నొప్పి వస్తాందా అని పొద్దునా సాయంత్రం అడిగేది.

"నొప్పీ లేదు, గిప్పీ లేదు. నీ పని సూసుకో."

ఒకరోజు ఆయన మరిచిపోయిన అన్నం క్యారియర్ పట్టుకుని ఆమె వెనకే బయలుదేరింది. మార్కెట్టుకు పోయే దారి ఎత్తు. ముందు నడుస్తున్న భర్త కదిరప్ప టీ బంకు దగ్గర ఆగాడు. మాట్లాడిందంతా కదిరప్పే. ఈయన తల ఊపుతూ బంకు గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఆమెకు ఎందుకో మనసు కీడు శంకించింది.

ఇంకొంచెం ఎక్కి మునెప్ప బట్టల కొట్టు ముందు మళ్లీ ఆగాడు. మునెప్ప గంగమ్మ జాతరకని ఇంటిల్లిపాదితో కుప్పం పోయి ఉన్నాడు. కొట్టుకు తాళం. దేవరాజులు మూసిన షట్టరుకు చెయ్యి ఆనించి, వీధికి వీపు పెట్టి, మెల్లగా అంటున్నాడు.

"ఏం మునెప్పా, బాగుండావా?"

కౌసల్యకు అప్పుడు అర్థమైంది. వేసవంతా ఆయన ఎవరినీ పలకరించలేదు. నొప్పి తగ్గేదాకా నిలబడడానికి సాకు వెతుక్కున్నాడు.

"తాళమేసిన కొట్టుతో ఏం మాట్లాడతాండావయ్యా?" అంది.

ఆయన తిరగలేదు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

"రవంత తాళు," అన్నాడు. "వాడింకా బదులు చెప్పలా."

ఆమె రోడ్డు మీదికి పరిగెత్తి ఆటోకు చెయ్యెత్తింది. వెనక్కి తిరిగేసరికి షట్టరు మీద ఆయన చెయ్యి కిందికి జారుతోంది.