స్వామిదాసు పతకం

కామారెడ్డిలో సిద్దిరాములుకు ఎరువుల దుకాణం ఉంది. దుకాణం పైన ఒక గది నిండా పోలీసు శౌర్య పతకాలు ఉన్నాయి. పదిహేనేళ్లుగా వాటిని సేకరిస్తున్నాడు. చనిపోయిన పోలీసుల ఇళ్లకు వెళ్లి, ఓపిగ్గా కూర్చుని చాయ్ తాగి, పతకాన్నీ దాని వెనుక కథనూ తెచ్చుకునేవాడు. పతకాన్ని ఉన్నదున్నట్టే దాచేవాడు. కథను ఉన్నదున్నట్టు చెప్పడం మాత్రం ఆయన వల్ల కాదు. వీధికుక్క మొరిగితే ఇంట్లోకి నడిచే మనిషి, అద్దాల బీరువా ముందు నిలబడితే చాలు, మాటల్లో మందుపాతరల మీదుగా పరుగెత్తేవాడు.

పోయిన వేసవిలో ఆయన ఎల్లారెడ్డిలో కళ్యాణి ఇంటికి వచ్చాడు. ఆమె అక్కడి ఆసుపత్రిలో నర్సు. తండ్రి స్వామిదాసు హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేసి, రెండేళ్ల క్రితం పోయాడు. తల్లి చంద్రవ్వ పెట్టె తెరిచి పతకం తీసింది. కథ కళ్యాణి చెప్పింది.

ఒక వానాకాలం నిజాంసాగర్ గేట్లు ఎత్తారు. చేపలకు వెళ్లిన ఒక కుటుంబం మంజీర ఏటి నడుమ దిబ్బ మీద చిక్కుకుపోయింది. మొత్తం ఐదుగురు. స్వామిదాసు నడుముకు తాడు కట్టుకుని దిగాడు. నలుగురిని ఒక్కొక్కరిగా ఒడ్డుకు చేర్చాడు. ఆఖరున మిగిలింది యాకూబు అనే ముసలాయన. ఆయన చేయి అందింది, అంతలోనే జారిపోయింది.

"బాపు దీన్ని ఒక్కనాడు గుండెకు పెట్టుకోలే. అందరు మెచ్చుకుంటరు గని, యాకూబు తాత సంగతి ఒక్కరన్న అడుగుతలేరు బిడ్డా అంటుండె" అంది కళ్యాణి.

సిద్దిరాములు కళ్లు తుడుచుకున్నాడు. "గిసొంటియి పిల్లలకు తెల్వాలె. నా తాన ఉంటే పదిమంది చూస్తరు."

తల్లీకూతుళ్లు నమ్మారు. పతకం ఊరికే ఇచ్చేశారు.

అక్టోబరులో ఆయన కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్ తీసుకుని ప్రదర్శన పెట్టాడు. కళ్యాణిని ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పాడు. ఆ తర్వాత మైకు అందుకున్నాడు.

"అడవిల ఎనిమిదిమంది! అందరి చేతుల తుపాకులు! గిటు దిక్కు స్వామిదాసు ఒక్కడు!"

హాలంతా చప్పట్లు. కళ్యాణి లేచి నిలబడింది.

"ఆగున్రి. మా బాపు జిందగీల మనిషి మీద తుపాకి ఎత్తలే. ఏట్ల దిగిండు. నలుగుర్ని తీసిండు. ఒకాయన పోయిండు. గదీ జరిగింది."

సిద్దిరాములు మైకు పక్కకు తిప్పి, "జనానికి జర జోష్ గావాలె గద బిడ్డా. కూసో, పతకం కింద పెట్టే కార్డు మీద సరిగ్గ రాపిస్త" అని సముదాయించాడు.

వారం తర్వాత కొత్త కార్డు ఫొటో ఆమె ఫోనుకు పంపాడు. అడవి పోయి ఏరు వచ్చింది. కింద పెద్ద అక్షరాలతో, 'ఐదుగురినీ కాపాడిన వీరుడు' అని ఉంది.

ఆమె వెంటనే ఫోన్ చేసింది. "ఐదుగురేంది?"

"నలుగురంటే ఏదో తక్కువైనట్టు కొడ్తది. సచ్చినాయన వచ్చి అడుగుతడా?"

కళ్యాణి ఫోన్ పెట్టేసింది. మరునాడు సెలవు పెట్టి కామారెడ్డి బస్సెక్కింది. ఆమె పైకి వెళ్లేసరికి సిద్దిరాములు ఎవరికో పతకాలు చూపిస్తున్నాడు. ఆమె నేరుగా బీరువా దగ్గరికి నడిచి, అద్దం జరిపి, తండ్రి పతకం తీసుకుంది. కార్డును రెండుగా చింపి ఆయన చేతిలో పెట్టింది.

"ఏయ్, ఏందిది? కేసు పెడ్త!"

"పెట్టు. ఠాణల ముందుగాల నువ్వు చెప్పు మా బాపు ఏం చేసిండో. నువ్వు చెప్పినంక నేను చెప్త."

వచ్చిన అతిథులు ఆయన ముఖం వైపు చూశారు. సిద్దిరాములు పక్కకు జరిగి మెట్ల వైపు దారి ఇచ్చాడు. సాయంత్రానికల్లా పతకం చంద్రవ్వ ఒళ్లో ఉంది. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, "ఆయన సొమ్ము ఇంట్లనే ఉండనీ బిడ్డా" అంది.

సిద్దిరాములు కేసు పెట్టలేదు. కానీ బీరువాలో ఒక చోటు ఖాళీగా ఉంది, చూసినవాళ్లు అడుగుతారు. మొన్న ఆసుపత్రికి వచ్చిన కామారెడ్డి మనిషి ఒకడు కళ్యాణికి చెప్పాడు: ఆ గదిలో దొంగలు పడ్డారట, కత్తులు తెచ్చారట, సిద్దిరాములు ఒక్కడే ఎదురునిలిచి అందరినీ తరిమితే, పోయింది ఒక్క పతకమేనట.

"ఎంతమంది దొంగలట?" అడిగింది కళ్యాణి, సూదిలోకి మందు ఎక్కిస్తూ.

"ముందు నలుగురన్నడు మేడం. గిప్పుడు ఆరుగురంటుండు."