కన్నిమార్ల కోసం కడిగిన రాళ్లు

పెళ్లయిన నెలకే మొగుడి మీద ఇంత కోపం వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని. నాకు గోవిందరాజన్ నడక ఇష్టం. మిల్లు నుంచి జుట్టులో దూదిపోగులతో వచ్చి గుమ్మంలో నిలబడటం ఇంకా ఇష్టం. కారమడై దగ్గర వాళ్ల తోటలో కొత్త బావి తవ్వుతుంటే నున్నటి నల్లరాతి గొడ్డళ్లు ఐదు బయటపడ్డ రోజు, ఆయన చెయ్యి పట్టుకుని బురదలో గంతులేశాను.

ఆ రాయి మా చుట్టుపక్కలది కాదు. ఒక్కో కొండ రాతిలో పలుకులు ఒక్కో రకంగా అమరి ఉంటాయి. కాగితంలా పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఏ కొండదో తెలుస్తుంది. ఇనుము ఎరగని కాలంలో ఏ దారిన, ఎవరి చేతులు మారి ఇక్కడికి చేరిందో పట్టుకోవచ్చు. కాలేజీలో నాకు చరిత్ర చెప్పిన అమరావతి టీచర్‌కు కబురు పెడితే గురువారం వస్తానన్నారు. అంటుకున్న మట్టి కూడా రాలకుండా రాళ్లను గోనెసంచిలో దాచాను.

బుధవారం తలంటుకుని వచ్చేసరికి సంచి ఖాళీ. పశువుల కొట్టం పక్క అరుగు మీద ఏడు రాళ్లు వరసగా, నూనెతో నిగనిగలాడుతూ, పసుపు కుంకుమలతో ఉన్నాయి. మా అత్త సౌందరం కర్పూరం వెలిగిస్తోంది.

"ఏం చేసినారు అత్తా?"

"కన్నిమార్లు కన్నూ! ఏడుగురు అక్కచెల్లెళ్లు, కన్నెసాములు. బావిలో నీళ్లు పడాల్నంటే వాళ్లనే వేండుకోవాల. మనకి ఐదే ఉండె. బోడినాయకనూరు నుంచి మా చెల్లి తిలకవతి ఇట్లాంటివే రెండు పంపిచ్చె. అన్నీ శీకాయ వేసి తోమితి."

"ఇందులో మన బావివి ఏవి?"

"అయ్యో, ఏడుగురూ ఒకే మాదిరి ఉండారే! ఎట్ల చెప్పేది?"

గుర్తుగా మిగిలింది ఆ మట్టి ఒక్కటే. అదీ పోయింది. రాయి ఏ కొండ నుంచి బయల్దేరిందో తెలిసినా, ఎక్కడికి చేరిందో ఇక చెప్పలేను.

షిఫ్టు అయిందని మిల్లు సంగు ఊదాక గోవిందరాజన్ వచ్చాడు.

"సంచి ఎక్కడుందో ఎవరు చెప్పినారు మామా?"

"నేనే. సామి కార్యం, వద్దంటానా?" నవ్వాడు. "ఏదో ఒకటి టీచర్‌కి ఇచ్చెయ్. రాయి రాయే కదా, ఎవరికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది! మేలురకం కంబోడియా పత్తి బేలులో నాటుపత్తి కలిపి, దూది దూదే కదా అంటే మీ మిల్లులో ఊరుకుంటారా?"

నవ్వు ఆగింది. "అది వేరే..."

"ఏం వేరే? అది మీ పని, ఇది నా పని. అంతే కదా వేరే?"

గురువారం అమరావతి టీచర్ వచ్చారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె ఒక్క రాయీ ముట్టుకోలేదు. "ఇవి పనికిరావమ్మా" అని, కాఫీ తాగి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయారు. ఆ గొంతులో జాలి వినబడి నాకు ఒళ్లు మరీ మండింది.

సాయంత్రం ఆయన టౌనులో ఆర్.ఎస్. పురం దాకా వెళ్లి మైసూరుపాకు తెచ్చాడు. నెయ్యి కారుతూ, నోట్లో పెట్టగానే కరిగిపోయింది. నాలుగు ముక్కలు తిన్నాను. పొట్లం ఆయన చేతికే ఇచ్చి లోపలికి వెళ్లాను.

మర్నాడు పొద్దున్నే పీట వేసుకుని బావి గట్టున కూర్చున్నాను. లోపల ఆండి, అతని పెళ్లాం ఇరుళాయి తవ్వుతున్నారు.

"రాయి తగిలితే చెయ్యి పెట్టొద్దు. నేనే దిగుతాను."

"సిన్నమ్మ దిగుతాదంట!" ఇరుళాయి పకపకా నవ్వింది. "పట్టుచీరతోనా?"

"పట్టుచీరతోనే."

అత్త చెంబుతో మజ్జిగ తెచ్చింది. "ఇంకా కోపమేనా కన్నూ?"

"ఇంకా. ఈసారి దొరికితే ఎవరూ కడగొద్దు. అది సామి కాదు."

"సామి కాదని నువ్వెట్ల చెప్తావు?"

"కోసి చూసి చెప్తాను."

అత్త చెంబు గట్టు మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. మజ్జిగ చల్లగా, కరివేపాకు వాసనతో ఎంతో బాగుంది. చుక్క మిగల్చకుండా తాగేసి, మళ్లీ గుంతలోకి చూస్తూ కూర్చున్నాను.